కోనసీమలో కార్మికుల శ్వాస రక్షణ

పనిచోట దుమ్ము, పొగ, విషవాయువుల నుంచి ఊపిరితిత్తులను కాపాడే సాధనాలు కోనసీమకు రెండు దారుల్లో వచ్చాయి. చమురు, సహజవాయువు క్షేత్రాలకు చట్టంతో పాటు శిక్షణ, ఖరీదైన పరికరాలు వచ్చాయి. కొబ్బరి పీచు మిల్లుల్లో, రైస్ మిల్లుల్లో ముక్కుకు చుట్టుకున్న తువ్వాలే చాలాకాలం దిక్కయింది.

ఈ సాధనాల చరిత్ర పాతది. సింధూరం నూరే పనివారు ముఖానికి తిత్తులు కట్టుకునేవారని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. 1799లో శాస్త్రవేత్త హంబోల్ట్ గని కార్మికుల కోసం శ్వాస పరికరం తయారుచేశాడు. 1854లో రసాయన శాస్త్రవేత్త స్టెన్‌హౌస్ బొగ్గు పొడి నింపిన ముసుగును తెచ్చాడు. 1914లో ఆవిష్కర్త గారెట్ మోర్గాన్ పొగ టోపీకి పేటెంట్ పొందాడు.

భారతదేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఈ విషయాన్ని స్పష్టంగా పట్టించుకుంది. ప్రమాదకర వాయువు ఉండే ట్యాంకులు, గుంతలు, పైపుల్లోకి దిగడానికి అందులోని 36వ సెక్షన్ షరతులు పెట్టింది. లోపల వాయువు లేదని అర్హుడైన వ్యక్తి పరీక్షించి రాతపూర్వకంగా ధ్రువీకరించాల్సి ఉండేది. లేదంటే దిగే మనిషి శ్వాస పరికరం ధరించి, నడుముకు బెల్టు, దానికి తాడు కట్టుకోవాల్సి ఉండేది. ఆ తాడు రెండో కొస బయట ఉన్న మనిషి చేతిలో ఉండాల్సి వచ్చేది. కాగితం మీద ఇంతకన్నా మంచి నియమం దొరకదు.

చమురు బావులు మాత్రం 2025 దాకా 1952 గనుల చట్టం కిందికి వచ్చేవి. వాటికి 1984లో ఆయిల్ మైన్స్ రెగ్యులేషన్స్ వచ్చాయి. 2017లో వాటి స్థానంలో కొత్తవి అమలయ్యాయి. చమురు పరిశ్రమ భద్రతా ప్రమాణాల కోసం 1986లో ఓఐఎస్‌డీ (ఆయిల్ ఇండస్ట్రీ సేఫ్టీ డైరెక్టరేట్) ఏర్పడింది.

కోనసీమలో అందరికీ గుర్తున్న ఘట్టం పాశర్లపూడి బ్లో అవుట్. 1995 జనవరి 8న ప్రభుత్వ చమురు సంస్థ ఓఎన్‌జీసీ బావి నుంచి వాయువు అదుపు తప్పి ఎగజిమ్మి అంటుకుంది. సుమారు 65 రోజులు మండి, మార్చి నెల మధ్యలో గానీ ఆరలేదు. చుట్టుపక్కల ఊళ్ళను ఖాళీ చేయించారు. విదేశీ నిపుణులను రప్పించారు. ఇలాంటి చోట దుమ్మును వడకట్టే ముసుగు పనికిరాదు. సహజవాయువులో ప్రధానమైన మీథేన్‌కు వాసన ఉండదు. అది గాలిలోని ప్రాణవాయువును పక్కకు నెట్టేస్తుంది. ప్రాణవాయువు 19.5 శాతం కన్నా తగ్గిన చోట సిలిండర్‌తో గాలి అందించే పరికరమే శరణ్యం. హైడ్రోజన్ సల్ఫైడ్ మరీ మోసకారి: మోతాదు పెరిగేకొద్దీ ముక్కు ఆ వాసనను పసిగట్టడం మానేస్తుంది.

2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో గెయిల్ సంస్థ గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. చనిపోయినవారిలో ఎక్కువమంది ఊరి జనం. కార్మికుడికి ఇచ్చే పరికరాలతో అలాంటి ప్రమాదానికి అడ్డుకట్ట వేయలేం.

కొబ్బరి రంగంలో కథ వేరు. డొక్కలను యంత్రంలో వేసి పీచు తీసేటప్పుడు పొట్టు లేస్తుంది. రైస్ మిల్లులో ఊక దుమ్ము రోజంతా కమ్మేసి ఉంటుంది. గుడ్డ పెద్ద రేణువులను ఆపుతుందే గానీ సన్న దుమ్మును ఆపలేదు. దానికి భారత ప్రమాణం ఐఎస్ 9473 ప్రకారం తయారైన ఎఫ్‌ఎఫ్‌పీ1, 2, 3 తరగతుల ముసుగులు కావాలి. అవి ముఖానికి అతుక్కుని ఉంటేనే ప్రయోజనం. గడ్డం పెంచితే అంచుల దగ్గర సందులు ఏర్పడతాయి.

కొబ్బరి తోటల్లో కొట్టే పురుగుమందుల విషయంలో అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం పద్ధతి మెచ్చుకోదగినది. కొబ్బరి ఆకులు తినే నల్లతల పురుగును పరాన్నజీవి కీటకాలతో, సర్పిలాకార తెల్లదోమను మేలు చేసే శిలీంధ్రంతో అదుపు చేసే మార్గాలను అది ప్రచారం చేసింది. విషపు మందు వాడకమే తగ్గితే, మందు కొట్టేవాడు పీల్చే విషమూ తగ్గుతుంది.

2020లో కోవిడ్ వల్ల ఎన్‌95 ముసుగు మాట ఇంటింటికీ చేరింది. అదే ఏడాది మే 7న విశాఖపట్నంలో స్టైరీన్ విషవాయువు లీకై 12 మంది చనిపోవడంతో వాయు ప్రమాదాల చర్చ రాష్ట్రమంతా సాగింది. కానీ ఫ్యాక్టరీల, గనుల చట్టాల స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్, విద్యుత్తు వాడే చోట ఫ్యాక్టరీ నిర్వచనానికి కావలసిన కనీస కార్మికుల సంఖ్యను 10 నుంచి 20కి పెంచింది. చిన్న పీచు మిల్లుల్లో అంతమంది ఉండటం అరుదు.