దివిటీ పట్టిన చేయి, తుపాకి పట్టిన చేయి

చీకట్లో ఆయుధం ఎత్తినవాడికి రెండు పనులు తప్పవు. ఎదుట ఉన్నది ఎవరో తెలుసుకోవడం మొదటిది, తెలిసిన తరువాత గురి తప్పకుండా చూసుకోవడం రెండవది. నేడు చేతి తుపాకి గొట్టం కింద బిగించే అరచేతిలో పట్టేంత చిన్న పరికరంలో మొదటి పనికి ఎల్ఈడీ దీపం, రెండవ పనికి లేజరు చుక్క ఒకే డబ్బాలో ఇమిడిపోయాయి. ఈ ఇమడ్చడం చరిత్రలో చాలా కొత్తది. శతాబ్దాల పాటు వెలుగు పట్టేవాడు వేరు, ఆయుధం పట్టేవాడు వేరు. ఆ ఎడబాటు ఎలా ఉండేదో, ఎలా తొలగిందో తెలుసుకోవడానికి కర్నూలు సీమ మంచి చోటు, ఎందుకంటే పాళెగాళ్ల (స్థానిక సాయుధ నాయకుల) కాలపు వత్తి తుపాకులూ ఓర్వకల్లు మండలంలో నేడు పరీక్షిస్తున్న లేజరు ఆయుధమూ ఒకే జిల్లా చరిత్రలోనివి.

1800లో నిజాము నుంచి దత్తమండలాలు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చినప్పుడు, అంటే నేటి కడప, అనంతపురం, బళ్లారి ప్రాంతాలతో పాటు కోయిలకుంట్ల వంటి తాలూకాలు కూడా కంపెనీ ఏలుబడిలోకి వెళ్లినప్పుడు, ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రోకు ఎనభై మంది దాకా పాళెగాళ్లు, వారి వెంట సాయుధులైన కట్టుబడి బంట్లు ఎదురయ్యారు. ఆనాటి నాటు తుపాకి పేలాలంటే జామగీ అనే నిప్పువత్తి ఎప్పుడూ రాజుకుంటూ ఉండాలి. రాత్రిపూట ఆ వత్తి కొసన మెరిసే ఎర్రటి నిప్పే తుపాకి ఎక్కడుందో శత్రువుకు చెప్పేసేది. దారి చూపడానికి పేలికలు చుట్టి ఆముదంలో తడిపిన దివిటీ కావాలి. అయితే మందుగుండు సంచీ ఉన్నవాడి చేతికి దివిటీ ఇవ్వడం అందరి ప్రాణాలకూ ముప్పు. కాబట్టి దివిటీ మోసేవాడు ఒకడు, తుపాకి పట్టేవాడు మరొకడు కావడం హోదా కోసం చేసిన ఏర్పాటు మాత్రమే కాదు, మందుగుండు విధించిన నియమం కూడా. ఈ ఏర్పాటులో ఎవరూ తలపెట్టని ఒక మేలు ఉంది: వెలుగు పడిన చోటల్లా తుపాకి గొట్టం తిరిగేది కాదు. ముందు చూపు, తరువాత గురి; రెండింటి మధ్య ఒక మనిషి.

ఆ పాత పద్ధతి నీడ ఇప్పటికీ ఒకచోట కనబడుతుంది. కర్నూలు జిల్లా హొళగుంద మండలం దేవరగట్టులో దసరా రాత్రి మాళమల్లేశ్వరస్వామి బన్ని ఉత్సవం జరుగుతుంది. కల్యాణం ముగిసిన అర్ధరాత్రి వేళ ఉత్సవమూర్తులు కొండ దిగుతుండగా, నెరణికి, నెరణికి తండా, కొత్తపేట ఊళ్లవారు వాటిని కాపాడుకుంటూ ఒకవైపు, చుట్టుపక్కల ఊళ్లవారు మరోవైపు నిలిచి, ఇనుప రింగులు తొడిగిన కర్రలతో తలపడతారు. గుంపు మధ్యలో దివిటీలు కదులుతూ ఉంటాయి. వెలుగు పడిన వైపే కర్ర లేస్తుంది, దివిటీ ఊగిన కొద్దీ నీడలు పొడుగై ఎవరు ఎటువారో తెలియకుండా పోతుంది. తలలు పగలడం దాదాపు ఏటేటా తప్పడం లేదు. కదిలే వెలుగు కంటికి ఎంత సాయం చేస్తుందో అంత మోసమూ చేస్తుందని అక్కడ చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

తుపాకి ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్నను పంతొమ్మిదో శతాబ్దంలోనే సర్కారు తన చేతిలోకి తీసుకుంది. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో పెద్ద ఎత్తున దాచిన ఆయుధాలు బయటపడటంతో కంపెనీ ఆయనను గద్దె దింపింది. 1846లో పదకొండు రూపాయల చిల్లర పింఛను దగ్గర రగిలిన పాళెగాడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయన ఉరితో అణగిపోయింది. 1878 ఆయుధ చట్టం లైసెన్సు లేనిదే తుపాకి ఉండరాదని శాసిస్తూ తెల్లవారికి మాత్రం మినహాయింపు ఇచ్చింది. నాటి జాతీయ నాయకులకు ఇది తీరని అవమానంగా తోచింది. ఊరి కాపలాకు తలారి చేతిలో మిగిలినవి కర్ర, లాంతరు.

ఇరవయ్యో శతాబ్దంలో వచ్చిన బ్యాటరీ లైటు, అంటే పొడి సెల్లులతో వెలిగే టార్చిలైటు, ఈ లెక్కను మెల్లగా మార్చింది. మంట లేని వెలుగు కాబట్టి మందుగుండు పక్కన పెట్టినా భయం లేదు. మెట్టపొలాల కాపలాకు పనికొచ్చిన ఆ లైటే రాత్రి వేటకూ పనికొచ్చింది: జింక వంటి జంతువుల కంటి వెనుక ఉండే మెరిసే పొర వెలుగును తిప్పికొట్టడం వల్ల చీకట్లో రెండు చుక్కలు కనబడతాయి, కళ్లు చెదిరిన జంతువు ఉన్నచోటే నిలిచిపోతుంది. చుక్కలు కనబడతాయి గాని వాటి వెనుక ఉన్నది జింకో దూడో ఆ వెలుగు చెప్పలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కృత్రిమ వెలుగుతో వేటాడటాన్ని మొదట్లోనే నిషేధించింది. 1991 సవరణతో లైసెన్సు వేటలే ముగిసిపోయాయి.

వెలుగునూ తుపాకినీ ఒకే మనిషికి అప్పగించే ప్రయత్నం పోలీసు శిక్షణలోనూ సాగింది. 1970లలో అమెరికాలో మైకేల్ హారిస్ ప్రచారం చేసిన పద్ధతిలో ఎడమ చేతిలో టార్చి, కుడి చేతిలో పిస్తోలు పట్టి, మణికట్లు అడ్డంగా దాటించి, చేతుల వెనుక వైపులు ఒకదానికొకటి ఆన్చి నిలబడాలి. రెండు చేతులూ బిగిసిపోయే ఈ నిలకడలో తలుపు తీయడం కూడా కష్టమే. అంతకు ముందే, 1960 మే 16న థియొడోర్ మైమన్ కాలిఫోర్నియాలో తొలి లేజరును వెలిగించాడు. లేజరు అంటే ఒకే రంగు, ఒకే దిశ కలిగి చెదరకుండా సాగే కాంతిపుంజం. తరువాత షూర్‌ఫైర్‌గా పేరు మార్చుకున్న లేజర్ ప్రొడక్ట్స్ సంస్థ 1979లో హీలియం–నియాన్ వాయు లేజరును రివాల్వరు మీద బిగించింది. అది పిడికిట్లో పట్టేది కాదు. 1984 నాటి టెర్మినేటర్ సినిమాలో యంత్రమానవుడి పిస్తోలు మీద కనబడే పొడుగాటి గొట్టం అలాంటిదే, దానికి విద్యుత్తునిచ్చే బ్యాటరీని నటుడి దుస్తుల్లో దాచవలసి వచ్చింది. అర్ధవాహక డయోడు లేజర్లు, 1993 నాటి ప్రకాశవంతమైన నీలి ఎల్ఈడీ తరువాత వచ్చిన తెల్ల ఎల్ఈడీలు, పిస్తోలు గొట్టం కింద గాడి పట్టీ (రైలు) అమర్చే అలవాటు కలిశాకే నేటి బుల్లి పరికరం సాధ్యమైంది. ఉదాహరణకు స్ట్రీమ్‌లైట్ సంస్థ తెచ్చిన టీఎల్ఆర్-8 దాదాపు 75 గ్రాముల బరువుతో, ఒకే లిథియం సెల్లుతో 500 ల్యూమెన్ల వెలుగునూ ఎర్ర లేజరునూ ఇస్తుంది.

ఇలాంటివాటిని ఎంచుకునేవారు పెట్టె మీద ల్యూమెన్ల అంకె చూసి మోసపోవడం మామూలే. ల్యూమెన్ అన్ని దిక్కులకూ వెలువడే మొత్తం వెలుగుకు కొలత, క్యాండెలా ఒక దిక్కుకు ఎంత గట్టిగా వెళుతుందో చెప్పే కొలత; దూరానికి పనికొచ్చేది రెండవదే. టార్చి వెలుగు దూరాన్ని లెక్కగట్టేది కూడా విచిత్రంగా వెన్నెలతోనే: నిండు పున్నమి వెన్నెలకు సమానమైన పావు లక్సు వెలుగు ఎంత దూరాన మిగులుతుందో అదే దాని దూరం. 5,000 క్యాండెలాల దీపానికి ఇది సుమారు 140 మీటర్లు వస్తుంది. అయితే సున్నం కొట్టిన మిద్దె ఇంటి ఇరుకు గదిలో వెయ్యి ల్యూమెన్ల దీపం వేస్తే గోడ నుంచి తిరిగివచ్చిన వెలుగు వేసినవాడి కళ్లనే మూస్తుంది. లేజరు విషయానికి వస్తే, మనిషి కన్ను పగటిపూట 555 నానోమీటర్ల ఆకుపచ్చ దగ్గర ఎక్కువగా స్పందిస్తుంది కాబట్టి సీమ ఎండలో ఎర్ర చుక్క కనబడని చోట పచ్చ చుక్క కనబడుతుంది. కాని పాత తరహా పచ్చ లేజర్లు పరారుణ కాంతిని స్ఫటికంతో పచ్చగా మార్చేవి, వేడి పెరిగితే వాటి వెలుగు కుంటుపడేది. నేరుగా పచ్చ కాంతినిచ్చే డయోడులు వచ్చాక ఆ బాధ చాలావరకు తగ్గింది.

చుక్క ఉన్నచోటే గుండు తగులుతుందన్నది మరో భ్రమ. లేజరు గొట్టానికి మూడు సెంటీమీటర్ల కింద ఉండి, ఏడు మీటర్ల దగ్గర గుండు దారిని కలిసేలా సరిచేసి ఉందనుకుంటే, ఇరవై అయిదు మీటర్ల దగ్గర చుక్క గుండు దారికి దాదాపు ఎనిమిది సెంటీమీటర్ల పైకి పోతుంది. రెండు రేఖలు ఒక్కచోటే కలుస్తాయి. మిగతా దూరాలన్నిటికీ వాడేవాడి బుర్రే లెక్క కట్టాలి. మీట బొటనవేలికి అందాలి, లైటు బిగించాక పిస్తోలు పట్టే ఒర దొరకాలి. ఈ రెండూ చూడకుండా కొన్నవారికి పరికరం బీరువాలోనే ఉంటుంది.

ఆంధ్రదేశంలో ఈ ఎంపిక ఎవరిది? 1959 ఆయుధ చట్టం కింద పౌరుడికి లైసెన్సు దొరకడమే అరుదు. 2019 సవరణ ఒక మనిషి ఉంచుకోగల తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించింది. కాన్పూరులో తయారయ్యే .32 రివాల్వరు వంటి పౌర ఆయుధానికి రైలు గాడే ఉండదు. ఫ్యాక్షన్ కాలంలో సీమ గ్రామాలను వణికించినవి పిస్తోళ్లకన్నా నాటుబాంబులు, వేటకొడవళ్లు. కాబట్టి ఇక్కడ ఈ పరికరం ప్రధానంగా భద్రతా దళాల వస్తువు. దాని అసలు లోపం కూడా అక్కడే తేలుతుంది: పిస్తోలుకు బిగించిన దీపంతో వెతకడమంటే, ఇంకా ఎవరో తెలియని మనిషి మీదికి గొట్టం తిప్పడమే. మధ్యలో ఉన్న దివిటీవాడు లేకుండా పోవడంతో చూపూ గురీ ఒకటైపోయాయి.

పెద్ద ఆయుధంలో మాత్రం కథ తిరగబడింది. రాతివనానికీ ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయానికీ పేరుపడిన ఓర్వకల్లు మండలంలోని పాలకొలను దగ్గర రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ జాతీయ బహిరంగ పరీక్షా క్షేత్రం ఉంది. 2025 ఏప్రిల్ 13న అక్కడ, హైదరాబాదులోని చెస్ ప్రయోగశాల రూపొందించిన 30 కిలోవాట్ల వాహన లేజరు ఎంకే-2(ఏ) గాలిలో ఎగిరే మానవరహిత విమానాన్నీ, డ్రోన్ల గుంపునూ దెబ్బతీసింది. సాధారణంగా అయిదు మిల్లీవాట్లు దాటని పిస్తోలు లేజరుకు ఇది అరవై లక్షల రెట్లు. చుక్క చూపే వెలుగు ఇక్కడ తానే గుండైంది. కాని ఆ యంత్రంలో లక్ష్యాన్ని ముందు రాడారో దానిలోని కెమెరా వ్యవస్థో పసిగడుతుంది, కాల్చే పుంజం ఆ తరువాతే వెలుగుతుంది. చూసే కన్నూ కొట్టే చేయీ మళ్లీ వేరయ్యాయి. మనుషుల కళ్లు శాశ్వతంగా పోగొట్టడానికే తయారుచేసే లేజరు ఆయుధాలను 1995 నాటి అంతర్జాతీయ ఒడంబడిక నిషేధించింది; ఈ పరీక్షల గురి యంత్రాల మీదనే.

లైసెన్సు తుపాకి ఉన్న ఇంటికి ఈ చరిత్రలో ఒక సలహా ఉంది: పిస్తోలుకు లైటు బిగించినా, వెతకడానికి వేరే టార్చిలైటు ఒకటి చేతికందేచోట ఉంచుకోవాలి, ఎదుటిది ఎవరో దానితోనే చూడాలి.