తద్దినం నాటి మిరియం

శ్రీకాళహస్తిలో మా అవ్వ మిరపకాయ బజ్జీలు బాగా చేసేది. కారం తక్కువుండే పొడుగు పచ్చికాయను నిలువునా చీల్చి, గింజలూ లోపలి తెల్లని ఈనెలూ తీసేసి, చింతపండు, వాము, ఉప్పు నూరి కూరేది. తద్దినం నాడు మాత్రం మిరపకాయను పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. కారానికి మిరియాలే. ఎందుకని అడిగితే, ‘మా అత్త అట్లే చేసేది’ అనేది.

మిరప పుట్టిల్లు మెక్సికో. అక్కడా కారం తక్కువుండే పొబ్లానో కాయను కాల్చి, పొట్టు తీసి, చీజ్ కూరి వండుకుంటారు. 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడలు మిరపను మన దేశానికి తెచ్చాయి. మనవాళ్ళు మిరియం పోలికతోనే దానికి పేరు పెట్టుకున్నారు. 1516లో కృష్ణదేవరాయలు ఇక్కడ గాలిగోపురం కట్టించేనాటికి ఈ ఊరి వంటల్లో కారమంటే మిరియమే అయి ఉండాలి.

ఆ గోపురం 2010లో కూలిపోయింది, మళ్ళీ కట్టారు. రాయలవారి పేరు చరిత్రలో భద్రంగానే ఉంది. మిరపకు ముందున్న రుచిని భద్రపరిచింది మాత్రం అత్తల దగ్గర నేర్చుకున్న కోడళ్ళు. తద్దినం పెట్టే హక్కు వాళ్ళకు లేదు. మడి కట్టుకుని వండి, అందరూ తిన్నాక చివర్న తిన్నారు. అవ్వ దాన్ని ఆచారమనుకుంది. నేను చరిత్రకు ఆధారం అంటాను. ఆ ఆధారాన్ని మనదాకా తెచ్చిన వాళ్ళ పేర్లు మాత్రం ఏ పుస్తకంలోనూ లేవు.