నలుగురుంటే చాలు: తలుపులు మూసుకుని పాడుకున్న క్రిస్మస్ సంగీతం

డిసెంబర్ వచ్చిందంటే మన ఊళ్ళల్లో క్యారల్స్ రౌండ్స్ మొదలవుతాయి. గిటారు, డ్రమ్స్ పట్టుకుని ఇంటింటికీ తిరుగుతారు. క్రిస్మస్ పాట అంటే వీధంతా వినపడాలి కదా! ఈ రోజు నేను చెప్పబోయేది దానికి పూర్తి రివర్స్. బయటికి వినపడితే జైలుకి పోవాల్సిన రోజుల్లో పుట్టిన క్రిస్మస్ సంగీతం ఇది.

ఇంగ్లండ్‌కి వెళ్దాం. 1559లో ఎలిజబెత్ రాణి ప్రభుత్వం దేశమంతా ప్రొటెస్టంట్ పద్ధతిలోనే ఆరాధన జరగాలని చట్టం చేసింది. లాటిన్‌లో జరిగే మాస్, అంటే మన కేథలిక్కులు దివ్యబలి పూజ అంటారే, అది నిషేధం. 1581 చట్టం ఇంకా కఠినం. మాస్‌కి వెళ్తే ఏడాది జైలు, పైన జరిమానా. ప్రభుత్వ చర్చికి రాకపోతే నెలకి 20 పౌండ్లు కట్టాలి. 1585 నుంచి, విదేశాల్లో ప్రీస్ట్ అయి వచ్చినవాళ్ళని ఇంట్లో దాచిపెడితే ప్రాణమే పోవచ్చు.

ఇక్కడే విలియం బర్డ్ అనే ఆయన కథ మొదలవుతుంది. 1572 నుంచి ఆయన రాణిగారి సొంత గాయక బృందం చాపెల్ రాయల్‌లో ఉద్యోగి. 1575లో ఆయనకీ, ఆయన సీనియర్ థామస్ టాలిస్‌కీ కలిపి సంగీతం అచ్చు వేసుకునే హక్కు రాణే ఇచ్చింది. కానీ బర్డ్ కేథలిక్! చర్చికి రానందుకు కేసులు, జరిమానాలు ఆయన్నీ వదల్లేదు.

1590లలో ఆయన ఎసెక్స్‌లో స్టాండన్ మాసీ అనే పల్లెకి మారిపోయాడు. దగ్గర్లోనే ఇంగట్‌స్టోన్ హాల్ ఉంది. పీటర్ అనే కేథలిక్ కుటుంబం ఇల్లు అది. ప్రీస్ట్‌లు దాక్కోవడానికి ఆ ఇంట్లో కట్టిన రహస్య గదులు ఇప్పటికీ ఉన్నాయి.

1605లో బర్డ్ ‘గ్రాడువాలియా’ అనే పుస్తకం అచ్చు వేయించాడు. ఏడాది పొడవునా వచ్చే కేథలిక్ పండగలకి కావాల్సిన సంగీతం అది. అదే ఏడాది నవంబర్‌లో కొందరు కేథలిక్కులు పార్లమెంట్‌నీ, రాజు జేమ్స్‌నీ మందుగుండుతో పేల్చేయాలని చూసి దొరికిపోయారు. దాంతో మిగతా కేథలిక్కులందరి మీదా అనుమానమే. 1605లోనే షార్ల్ ద లిన్యీ అనే ఫ్రెంచ్ వ్యక్తిని అరెస్ట్ చేసి న్యూగేట్ జైల్లో వేశారు. కారణం? బర్డ్ పుస్తకాలు దగ్గర ఉండటం. అవును, పాటల పుస్తకాలే!

మరి బర్డ్ ఆగిపోయాడా? లేదు. 1607లో తన పేరుతోనే రెండో భాగం తెచ్చాడు. జాన్ పీటర్ పేరు చెప్పి మరీ ఆయనకి అంకితం ఇచ్చాడు. క్రిస్మస్ మాస్ సంగీతం అందులోనే ఉంది. దాని పేరు ‘పుయెర్ నాటుస్ ఎస్ట్ నోబిస్’, అంటే మనకు శిశువు పుట్టాడు అని.

ఇందులో అసలు కిటుకు ఏంటంటే, ఇది నాలుగు గొంతుల సంగీతం. వాయిద్యాలు తప్పనిసరి కాదు. ఒక గొంతు మొదలుపెడుతుంది, రెండోది వెనకాలే అందుకుంటుంది, తర్వాత ఇంకోటి. నాలుగూ వేరే వేరే దారుల్లో నడిచి ఒక చోట కలుస్తాయి. ఒక్కో గొంతుకి విడిగా ఒక్కో పుస్తకం. అంటే నాలుగు పుస్తకాలు, నలుగురు మనుషులు, మూసిన తలుపు ఉంటే పండగ జరిగిపోతుంది. పెద్ద చర్చి, పెద్ద బృందం లేనివాళ్ళకి సరిగ్గా సరిపోయే కొలత!

అందుకే రికార్డింగ్ వినేటప్పుడు ఒక విషయం గమనించండి. ఈ కాలపు సంగీతాన్ని చాలాసార్లు పెద్ద బృందాలు పెద్ద చర్చిల్లో, బోలెడంత ప్రతిధ్వనితో పాడతాయి. బాగుంటుంది, కాదనను. కానీ అలా వింటే ఈ సంగీతం అధికారంలో ఉన్నవాళ్ళది అనిపిస్తుంది. ఆండ్రూ కార్వుడ్ నడిపించే ‘ది కార్డినల్స్ మ్యూజిక్’ బర్డ్ లాటిన్ చర్చి సంగీతం మొత్తాన్నీ 13 ఆల్బమ్స్‌గా రికార్డ్ చేసింది. అది చిన్న బృందం. ఒక్కో గొంతూ విడిగా తెలుస్తుంది. గదిలో నలుగురు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ పాడుతున్నట్టు ఉంటుంది. నా వరకు బర్డ్ అక్కడే దొరుకుతాడు.

ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. మొదటిసారి మొత్తం వినండి, రెండోసారి ఒక్క గొంతునే పట్టుకుని చివరిదాకా వెళ్ళండి. 1607లో ఆ ఒక్క గొంతు పాడిన మనిషి ఎంత రిస్క్ తీసుకున్నాడో గుర్తుపెట్టుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.