అక్షరానికి అణా

ఆ కట్టె కొంచెం లోపలికి నెట్టరా పెద్దోడా, పొగంతా నా కళ్లలోకే వస్తోంది. ఏందీ, మన ఇంటి పని సంగతి చెప్పాలా? బళ్లో మిమ్మల్ని సమాధుల రాళ్లోళ్లని ఎగతాళి చేస్తున్నారంటగా, మీ అమ్మ చెప్పిందిలే. చేయనీయండి. ఆ చేసేవాళ్లలో సగం మంది ముత్తాతల పేర్లు మన పాకలోనే చెక్కారు.

మనం మొదట్నుంచీ ఈ పనివాళ్లం కాదు. మా తాత రోళ్లు కొట్టేవాడు. రోళ్లు, తిరగళ్లు, సన్నికళ్లు, పొత్రాలు బండికెత్తుకుని ఒంగోలు చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగేవాడు. కొత్త రోలు ఏడాదికి ఒకళ్లు కొంటే గొప్ప. అరిగిన రోళ్లకు గంట్లు పెట్టడమే అసలు కూడు. ఒక ఇంట్లో సోలెడు జొన్నలు, ఇంకో ఇంట్లో పాత పంచె. డబ్బులు చేతికి రావడం తక్కువ.

మరి సమాధి రాయి ఎట్లా వచ్చిందంటే, దానికి క్లౌ దొర దగ్గర్నుంచి చెప్పుకు రావాలి. ఆయన అమెరికా బాప్టిస్టు మిషను తరఫున 1866లో ఒంగోలు వచ్చాడు. పదేళ్లు తిరిగేసరికి కరువు పడింది. 1876 నుంచి 78 దాకా జనం పిట్టల్లా రాలిపోయారు. అప్పుడు సర్కారు బకింగ్‌హామ్ కాలవ తవ్విస్తోంది. దొర అందులో మూడు మైళ్ల పైచిలుకు ముక్క తను కంట్రాక్టు తీసుకుని, మాదిగపల్లెల వాళ్లను పిలిచి పలుగూ పారా చేతికిచ్చి కూలిచ్చాడు. కరువు పనులు నడిచినన్నాళ్లూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు, కూటి కోసం మతం మారారని మాట రాకూడదని. ఆ తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఆ లెక్క ఈ జిల్లాలో చర్చికి పోయే ముసలాళ్లందరికీ నోటికొచ్చు.

సరే, వాళ్లకీ మనకీ ఏం సంబంధం అంటారా? అంతకుముందు ఆ పల్లెల్లో మనిషి పోతే ఊరికి దూరంగా గుంట తీసి పూడ్చి, నక్కలు తవ్వకుండా పైన కంపా నాలుగు రాళ్లూ పెట్టి వచ్చేవాళ్లు. రెండో వానకి ఏది ఎవరిదో తెలిసేది కాదు. రాయి మీద పేరంటే రాజులకీ, గుడి కట్టించినోళ్లకీ, దొరలకీను. పల్నాట్లో యుద్ధం చేసి చచ్చిన వీరుడికైతే వీరగల్లు రాయి నిలబెడతారు. కూలి చేసి చచ్చినోడికి ఎవరు నిలబెడతారు? మిషను బళ్లలో చదివిన పిల్లలు పంతుళ్లూ నర్సులూ అయ్యి, నెల జీతం చేతిలో పడ్డాక, వాళ్లకొచ్చిన మొదటి కోరికల్లో ఇదొకటి: మా నాయన పేరు రాయి మీద ఉండాల.

అట్లా ఒక బడిపంతులు మా తాత దగ్గరికి కాయితం పట్టుకొచ్చాడు. తాతకు అక్షరం ముక్క రాదు. అయినా ఒప్పుకున్నాడు. కాయితం వెనక ఎర్రమన్ను రుద్ది, బండ మీద పరిచి, పుల్లతో అక్షరం వెంబడి గీస్తే కింద ఎర్ర గీత పడుతుంది. ఆ గీత మీద ఉలి నడిపాడు. ఏం చెక్కాడో ఆయనకి తెలీదు. పంతులు వచ్చి వేలు పెట్టి ఒక్కో అక్షరమే చదువుతుంటే తాత పక్కనే నిలబడి విన్నాడట. ఆ తర్వాత రాయికొచ్చిన ప్రతివాడి చేతా అట్లాగే పైకి చదివించుకునేవాడు. మా తాత ఓనమాలు నేర్చింది అట్లాగే, చచ్చినోళ్ల పేర్ల మీద.

ఇంట్లో మాత్రం పెద్ద రభస. శవాల రాయి కొట్టే ఉలితో రోలు కొడితే ఆ రోట్లో పప్పు ఎవరు రుబ్బుకుంటారని మా నాయనమ్మ పట్టు పట్టింది. ఆమె మాటా నిజమే, బేరాలు పోయాయి. దాంతో తాత రెండు పాకలు వేశాడు. రోళ్లకొక ఉలుల కట్ట, సమాధులకొక కట్ట. ఈ కట్టలోది ఆ కట్టలో కలిసిందా, నాయనమ్మ ఆ పూట అన్నం పెట్టేది కాదు.

కూలి అక్షరానికి అణా. గుడీ కొమ్మూ అందులోనే. ఒత్తుంటే మాత్రం ఇంకో అర్ధణా. ఈ ఒత్తుల దగ్గరే తగాదాలన్నీను. ఇంగ్లీషు అక్షరాలు నిలువు గీతా అడ్డ గీతా, ఉలి తిన్నగా పోతుంది. మన అక్షరాలేమో అన్నీ గుండ్రం, కింద వేలాడే ఒత్తులేమో గింజంత. కడప బండేమో పొరలు పొరలుగా ఉంటుంది, ఒత్తు మెలిక దగ్గర సుత్తి ఒక దెబ్బ ఎక్కువ పడిందా, పెచ్చు లేచొస్తుంది. ఒకాయన వాళ్లమ్మకు రాయి వేయించడానికొచ్చాడు. ఆమె పేరు రత్నమ్మ. రెండు ఒత్తులు. ఆయన లెక్క చూసుకుని, "రతమ అని వెయ్యి, మా అమ్మేమీ అనుకోదు" అన్నాడు. తాత మాట్లాడకుండా రెండు ఒత్తులూ ఊరికే చెక్కి ఇచ్చాడు. ఆ సంగతి ఊళ్లకు పాకి, తర్వాత వచ్చిన వాళ్లంతా తమ ఒత్తులు కూడా ఊరికే చెక్కమన్నారనుకోండి.

తప్పు పడితే? పల్చని గీతయితే ముఖమంతా అరగదీసి మళ్లీ చెక్కొచ్చు. లోతుగా పడితే రాయి తిరగేసి రెండో వైపు చెక్కడమే. ఈ జిల్లా సమాధుల్లో బోర్లా పడున్న తప్పులు ఇంకా ఉన్నాయి, ఏవో మాత్రం చెప్పను.

మా నాయన కాలానికి తెల్ల చలవరాయి వచ్చింది. రాజస్థాన్ నుంచి రైల్లో దిగేది. అక్షరం గాడి తవ్వి, అందులో సన్న రంధ్రాలు వేసి, సీసం కొట్టి నింపి, పైన చదును చేసేవాడు. ఉప్పు గాలికి నల్ల రంగు పోతుంది గానీ సీసం పోదు. నాయన నన్ను బందరు తీసుకుపోయి డచ్చి వాళ్ల సమాధులు చూపించింది కూడా ఆ రోజుల్లోనే. వ్యాపారానికొచ్చి అక్కడే పోయినోళ్లవి, మూడు వందల ఏళ్ల నాటివి. వంశ చిహ్నాలతో సహా ఎంత పనితనమో! అవి మన వైపు రాతి పనివాళ్ల చేతి పనే అయ్యుంటుందని నాయన వాదన. వాళ్లకూ మా తాతలాగే భాష రాదు, చూసి చెక్కుంటారని. రుజువేం లేదు, కానీ నేనూ అదే నమ్ముతాను. ఆ రాళ్లు 1864 ఉప్పెన కూడా చూశాయి. ఆ ఉప్పెనలో బందరు చుట్టుపక్కల ముప్పై వేల మంది పోయారంటారు. వాళ్ల పేర్లు ఏ రాయి మీద చూస్తాం?

ఇక చీమకుర్తి. మనకు ఇంత దగ్గర్లో ఉన్న నల్లరాయికి 1980ల్లో గిరాకీ పుట్టింది. నల్లటి రాయిలో బంగారు చుక్కలు. గెలాక్సీ అని పేరు పెట్టారు. అది నిజానికి గ్రానైటే కాదట, గాబ్రో జాతి రాయట, ఆ చుక్కలు బ్రాంజైటు అనే ఖనిజమట. ఎవరికి కావాలి, అందరూ గ్రానైటనే అన్నారు. బ్లాకులు లారీలెక్కి మద్రాసు రేవుకి పోయి, అక్కణ్ణుంచి ఇటలీకీ చైనాకీ ఓడెక్కాయి. కోత ఫ్యాక్టరీల దగ్గర మిగిలిన ముక్కలు మనం కొనేవాళ్లం. ఊళ్లలో మిక్సీలొచ్చి రోళ్ల పాక మూతపడింది కూడా అప్పుడే. నాయనమ్మ ఉంటే ఏమనేదో.

ఆ రాయికి పాత ఉలి చాల్లేదు. అందుకని రబ్బరు షీటులో అక్షరాలు కోసి, రాయికంటించి, గాలి పంపుతో ఇసుక కొట్టే పని వచ్చింది. గంటలో అయిపోయేది. కానీ ఆ ధూళి మా తమ్ముడి ఊపిరితిత్తుల్లో చేరింది. డాక్టర్లు ముందు క్షయ అనుకున్నారు. వాడు పోయేదాకా ముక్కుకు తువ్వాలే కట్టుకున్నాడు, తువ్వాలు ఆ ధూళిని ఏం ఆపుతుంది? వాడి రాయి ఒక్కటి మాత్రం నేను ఉలితోనే చెక్కాను.

మీ బాబాయి అమెరికా నుంచి ఒక ఫొటో పంపాడు, వాషింగ్టన్‌లో వియత్నాం యుద్ధంలో పోయిన సైనికుల గోడ. 1982లో కట్టారు. ఆ నల్లరాయి మన బెంగుళూరు వైపుదే. అక్కడ బారీ అనే రాళ్ల ఊళ్లో కోసి, మెంఫిస్‌లో అదే ఇసుక పనితో దాదాపు 58 వేల పేర్లు వేశారు. హోదా లేదు, ఇంటి గొప్ప లేదు. పోయిన తేదీ వరస, అంతే. నాకది నచ్చింది. ఇప్పుడు మీ అన్న కంప్యూటర్లో లేజరుతో మనిషి బొమ్మే దించేస్తున్నాడు, చొక్కా గుండీలతో సహా. బాగానే ఉంటుంది. కానీ బొమ్మ పెద్దది చేసి పేరు మూలకు నెడుతున్నారే, అది నాకు గిట్టదు. వాడితో రోజూ గొడవే.

సరే, నిద్దరకు లేవండి. రేపు బళ్లో ఎవరన్నా ఎగతాళి చేస్తే ఒక కబురు చెప్పండి. నవంబరు రెండున సమాధుల పండగ. రాయి కావాలంటే పేరు కాయితం మీద రాసి, ఇంట్లో ఇద్దరి చేత చదివించి, సెప్టెంబరులోపు పంపమనండి. అక్టోబరు ఆఖర్లో వచ్చి తొందరపెడితే మీ అన్న చెయ్యడు. ఒత్తులకు మాత్రం ఇప్పటికీ డబ్బులు తీసుకోం.