నీలిచేలలో సత్యాగ్రహము

బీహారు రాష్ట్రమున, నేపాలు సరిహద్దును ఆనుకొని, నేడు రెండు జిల్లాలుగానున్న చంపారను సీమ కలదు. గండకీ నది పారు సారవంతమైన నేల అది. అయినను అచటి రైతునకు తన పొలములో ఏమి విత్తవలెనో నిర్ణయించుకొను స్వేచ్ఛ ఒకప్పుడు లేకుండెను. బిఘా యనగా ఇరువది కఠాలు. అందు మూడు కఠాల నేలను తెల్లదొరల కొరకు నీలిమందు పైరునకు విడువవలెను. దీనినే ‘తీన్‌కఠియా’ యనిరి. ఏ మడి నీలికి తగినదో చెప్పువాడు దొర. పంటకు వెల కట్టువాడును దొరయే.

1897లో జర్మనులు రసాయనపు నీలిని విపణికి తెచ్చిరి. పైరు నీలికి గిరాకి తగ్గెను. ఇక రైతునకు విముక్తి కలిగెనని మనము తలంతుము. జరిగినది వేఱు. నీలి నిర్బంధమును తొలగించినందులకు ప్రతిఫలముగా దొరలు కొందఱికి శిస్తు పెంచిరి. మఱికొందఱి నుండి ‘తావాన్’ అను పేర రొక్కము గుంజిరి. నష్టము దొరల వ్యాపారమునకు, పరిహారము చెల్లించుట రైతు వంతు!

1916 డిసెంబరులో లక్నో కాంగ్రెసునకు వచ్చిన రాజకుమార్ శుక్లా అను రైతు, గాంధీజీని తమ సీమకు రమ్మని పట్టువిడువక వేడెను. 1917 ఏప్రిలు 15న గాంధీజీ మోతీహారి చేరిరి. మఱునాడే జిల్లా విడిచి పొమ్మని ఉత్తరువు వచ్చెను. వారు కదలలేదు. 18వ తేదీన న్యాయస్థానమున, ఆజ్ఞను ఉల్లంఘించితినని తామే ఒప్పుకొని శిక్షకు సిద్ధపడిరి. మేజిస్ట్రేటు తీర్పును వాయిదా వేసెను. కొలది దినములకే ప్రభుత్వము అభియోగమును ఉపసంహరించుకొనెను.

అటుపిమ్మట సాగిన పోరాటమునకు ఆయుధము కలము, కాగితము. బ్రజకిశోర్ ప్రసాద్, రాజేంద్రప్రసాద్ మొదలగు న్యాయవాదులు రైతుల వాఙ్మూలములను వ్రాసికొనిరి. ఒక్కొక్కరిని గట్టిగా ప్రశ్నించి, నిలువని మాటను త్రోసివేసిరి. గూఢచారి పోలీసులు దాపుననే యుండిరి. గాంధీజీ వారిని వారింపలేదు. వారి యెదుటనే నోరు విప్పిన రైతు మఱి యెవరికి జంకును? ఎనిమిది వేలకు పైగా రైతులు తమ గోడు చెప్పుకొనిరి.

జూనులో ప్రభుత్వము విచారణ సంఘమును నియమించెను; అందు గాంధీజీయు ఒక సభ్యులు. తావానులో నాలుగవ వంతు తిరిగి ఇచ్చుటకును, పెంచిన శిస్తును నూటికి 20 మొదలు 26 వంతుల వఱకు తగ్గించుటకును ఏర్పాటు జరిగెను. 1918 నాటి చంపారను వ్యవసాయ శాసనముతో తీన్‌కఠియా రద్దయ్యెను.

పుచ్చుకొన్న సొమ్ములో నాలుగవ వంతు మాత్రమేనా యని మనకు తోచవచ్చును. నిజమే, రైతుల బీదఱికము దానితో తీరలేదు. కాని ఇచ్చుట యెఱుగని చేయి మొదటిసారి ఇచ్చెను. వంగుటయే యెరిగిన తల మొదటిసారి నిలిచెను. 1921-22లో మన గుంటూరు జిల్లా పెదనందిపాడు ప్రాంతపు రైతులు శాంతియుతముగా శిస్తు నిలిపివేసిననాడు, వారికి ముందు నడచిన బాటలలో ఈ నీలిచేల గట్టును ఒకటి.