మనవడి క్రియాటిన్

చెప్పులు గుమ్మం బయట వదిలి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని మీరు లోపలికి వస్తారు. శ్రీకాకుళం పెద్దాసుపత్రి, నవజాత శిశువుల వార్డు. వార్మర్ల వేడి మొహానికి కొడుతుంది. మందస నుంచి 108 బండిలో పలాస, టెక్కలి, నరసన్నపేట దాటి వచ్చిన పిల్లాడు మూలనున్న వార్మర్‌లో ఉన్నాడు. 28 వారాలకే పుట్టాడు. ఇప్పుడు సరిగ్గా కిలో.

రెండు వారాలు గడిచాక పాలు కడుపులో నిలవలేదు, ఊపిరి మధ్యమధ్యలో ఆగింది, ప్లేట్‌లెట్లు పడిపోయాయి. యాంటీబయాటిక్ మార్చినా తేరుకోలేదు. రక్తం కల్చర్‌లో మొలిచింది కాండిడా. మన నోట్లో, చర్మం మీద ఊరికే పడుండే ఫంగసే. ఇంత చిన్న ప్రాణంలో అది రక్తంలోకి ఎక్కిందంటే, మెదడుకీ పాకి ఉంటుందనే చూస్తారు.

డాక్టరమ్మ మాడు మీద జెల్ రాసి ప్రోబు ఆనిస్తుంది. ఎముక ఇంకా మూసుకోని ఆ మెత్తటి చోటు నుంచే లోపలంతా కనిపిస్తుంది. బూడిదరంగు తెర మీద చిన్న చిన్న తెల్లచుక్కలు. వెన్నునీటి కల్చర్‌లో ఏమీ రాలేదు. అయినా ఆమె చుక్కల్నే నమ్ముతుంది. వెన్నునీటిలో దొరక్కుండా మెదడులో దాక్కోవడం ఈ ఫంగస్‌కి అలవాటే.

మందు ఆంఫోటెరిసిన్-బి. 1950లలో వెనిజులా మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసింది. సిస్టర్ 50 మిల్లీగ్రాముల సీసాలో 10 మి.లీ. నీళ్లు కలిపి వెలుతురుకి ఎత్తి చూస్తుంది. పసుపు రంగు. అందులో 0.2 మి.లీ. లాగుతుంది. అంటే 1 మిల్లీగ్రాము, వీడికి రోజంతటికీ అంతే. దాన్ని 5 శాతం డెక్స్‌ట్రోజ్‌తో 10 మి.లీ. చేస్తుంది. ఉప్పు సెలైన్ తగిలితే మందు విరుగుతుంది. కోవాకి పేరుపడ్డ మందస వాళ్లకి విరగడమంటే ఏమిటో చెప్పక్కర్లేదు. సిరంజి పంపు కదులుతుంది, గంటల తరబడి.

తలుపు దగ్గర అమ్మమ్మ నిలబడి ఉంది.

"సిస్టరమ్మా, ఈ మందుకి కిడ్నీ దెబ్బతింటాదంట కదా? క్రియాటిన్ ఎంతొచ్చింది?"

మీరు తలెత్తి చూస్తారు. క్రియాటిన్ అంటే క్రియాటినిన్, కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో, అంటే మందస వైపు, ఆ మాట ఎవరూ పుస్తకంలో చదివి నేర్చుకోరు. ఈమె భర్త, 2023 డిసెంబరులో పలాసలో తెరిచిన కిడ్నీ ఆసుపత్రికి డయాలసిస్ కోసం తిరుగుతున్నాడు.

"చూస్తూనే ఉన్నాం పిన్నీ, పొటాషియం కూడా. పెద్దోళ్ల కంటే పసిపిల్లలే ఈ మందు బాగా తట్టుకుంటారు."

"ఎన్నాళ్లమ్మా?"

"మూడు వారాలకి తక్కువ కాదు. నిన్నటి క్రియాటిన్ 0.7."

ఆమె బయటికెళ్లి ఫోను చెవికి పెట్టుకుంటుంది.

"ఇదిగో, ఇనపడతందా? మనవడిది సున్నా పాయింటు ఏడంట. నీదానికన్నా శానా నయం."