పెద్దపిల్లలే పంతుళ్ళు: వీధిబడి నుంచి మన వరండా దాకా

"నువ్వు చదువుకున్నది చాలు గానీ, కాస్త తమ్ముడికి ఎక్కాలు చెప్పు" అని పెద్దపిల్లతో అనని ఇల్లు మన వైపు ఉండదేమో. అనేస్తాం, అని వంటింట్లోకి వెళ్ళిపోతాం. ఆ మాటతో పెద్దపిల్లకి మేలు చేస్తున్నామా, లేక మన పని ఆమె మీద వేస్తున్నామా? ఈ ప్రశ్నకి రెండువందల ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. అది మన తెలుగు పల్లెల అరుగుల మీదుగా సాగిన చరిత్ర కావడం నాకు ఇంకా ఆసక్తి కలిగించింది.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, ఏ జిల్లాలో ఎన్ని బడులున్నాయో, ఎంతమంది చదువుతున్నారో లెక్క తీసి పంపమని కలెక్టర్లను అడిగాడు. వచ్చిన జవాబుల్లో బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంబెల్ 1823 ఆగస్టులో పంపింది ప్రత్యేకమైనది. చాలామంది అంకెలు రాసి పంపి ఊరుకుంటే, ఈయన బడి లోపల ఏం జరుగుతుందో కూడా రాశాడు. ఈయనకు తెలుగు బాగా వచ్చు. 1816లో తెలుగు వ్యాకరణం అచ్చు వేయించిన మనిషి. ఇప్పటి అనంతపురం వైపు ఊళ్ళన్నీ అప్పట్లో బళ్ళారి జిల్లాలోవే. ఈ నివేదికలన్నిటినీ ధరంపాల్ గారు 1983లో పుస్తకంగా వేశారు కాబట్టి మనలాంటి వాళ్ళకు కూడా చదువుకునే వీలు దొరికింది.

ఆయన లెక్క ప్రకారం జిల్లాలో 533 బడులు. అందులో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. పొద్దున ఆరింటికే బడి మొదలు. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడి చేతిలో సున్న, అంటే మెచ్చుకోలూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తరువాత వచ్చినవాళ్ళకి ఒక్కొక్కటి పెరుగుతూ పోతుంది. (స్కూలు బస్సు తప్పిపోయే మన పిల్లలు ఆ కాలంలో పుట్టి ఉంటే అరచేతులు ఏమయ్యేవో!)

అందరూ వచ్చాక పిల్లల్ని సాధారణంగా నాలుగు వరసలుగా చేసేవారు. పై వరసలవాళ్ళని పంతులుగారు స్వయంగా చూసుకునేవారు. కింది వరసలవాళ్ళని కొంతవరకు పెద్దపిల్లలకు అప్పగించేవారు. పంతులుగారు పైవాళ్ళకి పాఠం చెబుతూనే బడి మొత్తం మీద ఒక కన్ను వేసి ఉంచేవారు. కొత్తగా చేరిన పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుకునేవారు. మన అమ్మమ్మల నోట విన్న గుంట ఓనమాలు అవే. పక్కన తమిళ తిణ్ణై బడుల్లో ఇలా చిన్నవాళ్ళని చూసుకునే పెద్దపిల్లవాణ్ణి చట్టాంపిళ్ళై అనేవారు.

కాంబెల్ ఈ బడుల్ని అన్ని విషయాల్లోనూ పొగడలేదు. పిల్లలు పద్యాలు చిలకల్లా అప్పజెబుతారు తప్ప అర్థం తెలియదని గట్టిగానే రాశాడు. పిల్లల్ని చేతులు కట్టి ఇంటికప్పు నుంచి వేలాడదీసే శిక్ష గురించీ రాశాడు. కానీ ఒక్క పద్ధతిని మాత్రం మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాడు. ముందు నేర్చినవాడు వెనకవాడికి చెప్పడం, ఆ చెప్పడంలో తన చదువు తనకే గట్టిపడడం. ఇంగ్లండు వాళ్ళు దీన్ని అనుకరించడం సబబే అని కూడా అన్నాడు.

అదే నివేదికలో నన్ను ఆపేసిన అంకె ఇంకొకటి ఉంది. ఆ 533 బడుల్లో చదివే పిల్లలు మొత్తం 6,641 మంది. అందులో ఆడపిల్లలు అరవై మంది. అవును, 60. మిగతా ఆడపిల్లలు ఏం చేస్తూ ఉండేవారో నివేదికలో చూడనక్కర్లేదు. చంకన తమ్ముడు, తలమీద కడవ. లేత ఒళ్ళు కాస్త పనికి వంగగానే పిల్లల చేత పని చేయించుకోక తప్పని పేదరికం ఉందని కాంబెల్ కూడా రాశాడు. చిన్నవాళ్ళని సాకడం, నడిపించడం, మాటలు నేర్పడం మన పెద్దాడపిల్లలు ఎప్పటినుంచో చేస్తున్నదే. దాన్ని ఎవరూ చదువు చెప్పడం అనలేదు. ఎవరూ వాళ్ళకి తిరిగి ఏమీ చెప్పనూ లేదు. ధవళేశ్వరంలో వీరేశలింగంగారు బాలికల పాఠశాల పెట్టేసరికి 1874 వచ్చింది.

సరే, ఇంగ్లండు అనుకరణ అన్నాడు కదా. ఆ కథ కాంబెల్ నివేదికకి ముప్పై ఏళ్ళు ముందే మద్రాసులో మొదలైంది. ఆండ్రూ బెల్ అని స్కాట్లాండు పాదిరి ఒకాయన 1789లో ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమానికి పెద్ద అయ్యాడు. తండ్రి తెల్ల సైనికుడు, తల్లి ఈ దేశపు స్త్రీ, అలాంటి పిల్లలు అక్కడ ఎక్కువ. ఒకరోజు దారిలో దేశీయ బడి పిల్లలు ఇసుకలో అక్షరాలు రాస్తుంటే ఆయన చూశాడు. తన బడిలోనూ అలాగే నేర్పమని పంతుళ్ళకు చెప్పాడు. వాళ్ళు ఇది కుదిరే పని కాదన్నారు. అప్పుడు బెల్, జాన్ ఫ్రిస్కిన్ అనే ఎనిమిదేళ్ళ పిల్లవాడిని పిలిచి అక్షరాల తరగతి వాడి చేతిలో పెట్టాడు. పెద్ద పంతుళ్ళు కాదన్నది వాడు చేసి చూపించాడు. అక్కణ్ణుంచి ఒక్కో తరగతినీ పిల్లలకే అప్పగిస్తూ పోయాడు బెల్. స్వదేశం వెళ్ళి 1797లో దీనిమీద చిన్న పుస్తకం వేశాడు. దానికి మద్రాసు పద్ధతి అనే పేరు నిలబడింది. ఆయన ఇచ్చిన డబ్బుతో స్కాట్లాండులోని సెయింట్ ఆండ్రూస్‌లో కట్టిన బడికి ఇప్పటికీ మద్రాసు కాలేజీ అనే పేరు.

లండన్‌లో జోసెఫ్ లాంకాస్టర్ అనే కుర్రవాడు 1798లో పేదపిల్లల బడి పెట్టి ఇంచుమించు ఇదే దారి పట్టాడు. ఒకే పెద్ద హాలు, వందలమంది పిల్లలు, గోడలకు వేలాడే పాఠాల అట్టలు, ఒక్కో అట్ట ముందు అర్ధచంద్రాకారంగా నిలబడ్డ పిల్లలు, వాళ్ళ ముందు పదేళ్ళో పన్నెండేళ్ళో ఉన్న మానిటరు. ఒక్క పంతులు వెయ్యిమందికి చదువు చెప్పవచ్చని లాంకాస్టర్ చెప్పుకునేవాడు. ఖర్చు తక్కువ అనేసరికి దొరలందరికీ అది నచ్చింది. ఆయన బడిలో తప్పు చేసిన పిల్లవాణ్ణి బుట్టలో పెట్టి పైకి లాగి వేలాడదీసేవారట. బళ్ళారి అయినా, లండన్ అయినా, పెద్దవాళ్ళకు ఇంటికప్పు ఒక్కటే గుర్తొచ్చిందన్నమాట.

కొన్నేళ్ళకే ఇది బెడిసికొట్టింది. కారణం ఊహించడం కష్టం కాదు. మానిటరుకి తన వెనకవాడి కంటే రెండు ముక్కలు మాత్రమే ఎక్కువ వచ్చు. ఆ రెండు ముక్కలు అప్పజెప్పించడం తప్ప, ఎదుటివాడికి ఎందుకు రాలేదో కనుక్కోవడం వాడికి తెలియదు. తెలియజెప్పేవాళ్ళూ లేరు. పొద్దస్తమానం చెబుతూ ఉంటే వాడి సొంత చదువు అక్కడే ఆగిపోయింది. అరుగుబడిలో పంతులుగారి కన్ను కొద్దిమంది మీదే ఉండేది. హాల్లో వందలమంది మీద ఏ కన్ను ఆనుతుంది?

1846లో ఇంగ్లండు ప్రభుత్వం దీన్ని మార్చింది. నాకు ఈ కథ మొత్తంలో బాగా నచ్చిన భాగం ఇదే, మన పిల్లల వయసుకు సరిగ్గా సరిపోయేదీ ఇదే. పదమూడేళ్ళు నిండిన పిల్లల్నే తీసుకోవాలన్నారు. అయిదేళ్ళు బడిలో చిన్నవాళ్ళకి చెబుతూ నేర్చుకోవాలి. ఊరికే కాదు, మొదటి ఏడు పది పౌండ్లు, అయిదో ఏటికి ఇరవై పౌండ్లు జీతం. అన్నిటికంటే ముఖ్యం, పంతులు రోజూ గంటన్నర సేపు ఈ పెద్దపిల్లలకు విడిగా పాఠం చెప్పాలి. అలా చెప్పినందుకు పంతులుకి కూడా అదనంగా డబ్బు ఇచ్చేవారు. దీనిలోనూ కష్టాలు లేకపోలేదు. పగలంతా పాఠం చెప్పి, పొద్దున్నో రాత్రో తాము చదువుకుని పిల్లలు అలిసిపోయేవారు. ఈ పద్ధతీ పోయింది. కానీ కూలిపనివాళ్ళ ఇళ్ళ ఆడపిల్లలు ఎంతోమంది ఈ మెట్టు ఎక్కే టీచర్లయ్యారు. చిన్నవాళ్ళని చూసుకునే పెద్దపిల్లకి మొట్టమొదటిసారి కొంత కాలమూ, కొంత జీతమూ, చెప్పే మనిషీ దొరికారు.

ఈ గంటన్నర సంగతి చదివాక మా ఇంట్లో ఒక పావుగంట పెట్టుకున్నాను. మా పెద్దమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. కింది వాటాలో ఉండే మూడో తరగతి పిల్లవాడు వారానికి మూడు సాయంత్రాలు దాని దగ్గరికి లెక్కలకి వస్తాడు. వాడు వెళ్ళిపోయాక ఒక పావుగంట అమ్మాయీ నేనూ కూర్చుంటాం. వాడికి లెక్కలు వచ్చాయా అని అడగను. ఎక్కడ ఆగాడు, నువ్వేం చేశావు అని అడుగుతాను. ఒకరోజు "అమ్మా, వాడు 52లోంచి 27 తీసేస్తే 35 అంటాడు, పదిసార్లు చెప్పినా అంతే" అని విసుక్కుంది. "ఆ 35 వాడికి ఎలా వచ్చిందో రేపు వాణ్ణే అడుగు, సరిచేయకు, అడుగు" అన్నాను. మర్నాడు వాడు చెప్పాడట: "రెండులోంచి ఏడు పోదు కదక్కా, అందుకని ఏడులోంచి రెండు తీశాను." మా అమ్మాయి నవ్వు ఆపుకుని, ఒక పదిరూపాయల నోటు, పది రూపాయి బిళ్ళలు తెచ్చి చిల్లర మార్చి చూపించింది. అది నేను చెప్పిన ఉపాయం కాదు, దానికే తట్టింది.

నేను గట్టిగా పట్టుకున్నవి రెండే. పరీక్షల నెలలో దాన్ని ఈ పనికి కూర్చోబెట్టను. వాడి తల్లికి ముందే చెప్పి ఉంచాను, ఆమె ఏమీ అనుకోలేదు. రెండోది, మా చిన్నవాడు అబ్బాయి కాబట్టి వాడికి ఈ పని లేదనడం మా ఇంట్లో చెల్లదు. వాడు తొమ్మిదో తరగతి. ఈ వేసవి నుంచి వాడూ ఒక చిన్నవాడికి తెలుగు చదవడం నేర్పాలి. "నాకే ఒత్తులు సరిగ్గా రావు" అని గొణుగుతున్నాడు. రావు కాబట్టే, ముందు వాడు నా దగ్గర పావుగంట కూర్చోవాలి.

మొన్న ఆ తీసివేతల పిల్లవాడు మా అమ్మాయిని ఇంకో ప్రశ్న అడిగాడు. "పక్కింటి నుంచి అప్పు తెచ్చుకున్నాం కదక్కా, మరి తిరిగి ఎప్పుడు ఇస్తాం?" అది జవాబు తోచక నా దగ్గరికి వచ్చింది. నా తెలుగు బి.ఏ.లో లెక్కలు లేవని వాళ్ళ నాన్నగారి దగ్గరికి పంపాను. ఆయన ఇంకా ఆలోచిస్తున్నారు.